లేబుల్ లేని సీసా

దయాకుమారికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె పుట్టిన పాలకొల్లులో వీధంతా ఎరుగును. దుబాయ్‌లో, జెబెల్ అలీ లేబర్ క్యాంపుల పక్కన ఆమె నర్సుగా పనిచేసే క్లినిక్కూ ఎరుగును. తలనొప్పి అంటూ వచ్చిన కూలీని సగం మాటలోనే ఆపేసి, నాలుగు మాత్రలు రాసి పంపేసే డాక్టరు కూడా ఆమె డ్యూటీలో ఉంటే స్టెతస్కోపు బయటికి తీస్తాడు. లేకపోతే అందరి ముందూ ఆమె కడిగిపారేస్తుందని భయం. ఇంత నోరున్న మనిషి ఇన్నేళ్లు పరాయి దేశంలో ఎలా నెగ్గుకొచ్చిందా అని చర్చిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవారు. ఆ నోరు ఎప్పుడూ నోరులేనివాళ్ల తరఫునే లేచేది. అందుకే నెగ్గింది. ఒక్కసారి తప్ప.

ఆమె భర్త ప్రేమరాజు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ముందుముందు చెప్పాలనిపించదు. ఫ్రీ జోన్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో కాగితాలు చూసేవాడు. కరోనా వచ్చిన ఏడు ఆ కంపెనీ సగంమందిని ఇంటికి పంపింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే మూటాముల్లే సర్దుకోవలసిందే. అప్పుడు దయాకుమారి తన జీతం పత్రమూ పెళ్లి సర్టిఫికెట్టూ పట్టుకుని, మూతికి మాస్కుతో ఆఫీసుల చుట్టూ తిరిగి, మొగుణ్ణి తన వీసా మీదికి మార్చుకుంది. ఆ రోజు నుంచి అతను ఇక్కడ ఉంటున్నది ఆమె పూచీ మీద. అలా పూచీ పడ్డవాళ్లని ఇక్కడ కఫీల్ అంటారు.

“మా ఇంట్లో కఫీల్ మా ఆవిడేనండీ,” అని ప్రేమరాజు చర్చి మెట్ల మీద అందరికీ చెప్పి నవ్వేవాడు. దయాకుమారి నవ్వేది కాదు. పూచీ అంటే ఏమిటో, అది ఊడితే మనిషి గతి ఏమిటో రోజూ క్లినిక్‌లో చూసే మనిషికి అందులో నవ్వు కనిపించదు.

తర్వాత అతనికి ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేసుకునే పని దొరికింది. సగం పూటలో అయిపోయే పని. మిగతా సగం పూట ఏం చేయాలో తోచలేదు. తోచక ఇంట్లో కూర్చున్న మగవాడు ఏదో ఒకటి పొయ్యి మీద పెడతాడు. ప్రేమరాజు బీరు పెట్టాడు.

పాత కంపెనీలో ఇంగ్లండాయన ఒకడు నేర్పాడట. బార్లీ మాల్టును వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ తియ్యటి నీళ్లను పెద్ద గిన్నెలో కాచి, అందులో హాప్ అనే చేదు పూల గుళికలు వేయాలి. ఆ గుళికలు లండన్ నుంచి స్నేహితుడు ఐజక్ సూట్‌కేసులో మూలికల టీ పేరుతో వచ్చేవి. కాచింది చల్లార్చి, ఈస్టు కలిపి, మూత బిగించిన ప్లాస్టిక్ పీపాలో పులియబెట్టాలి. బట్టలూ బియ్యం డబ్బాలూ పెట్టుకునే చిన్న గదిని అతను ఆ పీపాకి అప్పజెప్పాడు. ఎండాకాలంలో ఆ గదికి ప్రత్యేకంగా ఏసీ. కూతురు రేచెల్ పదో తరగతి పుస్తకాలు మాత్రం సోఫా మీద.

ప్రేమరాజు తాగుబోతు కాదు. ఒక గ్లాసు పోసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, వాసన పీల్చి, మామిడిపండు వాసనొస్తోందనీ, బత్తాయి తొక్క వాసనొస్తోందనీ చెప్పి, అప్పుడు ఓ గుక్క తాగేవాడు. తాగి తన్నే మొగుణ్ణి ఏం చేయాలో దయాకుమారి తల్లికీ అమ్మమ్మకీ తెలుసు. వాసన చూసి వర్ణించే మొగుణ్ణి ఏం చేయాలో ఆమెకెవరూ నేర్పలేదు.

“బీరు కాదు దయా, ఐపీఏ. ఇండియా పేల్ ఏల్,” అనేవాడు. “ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి మనదేశానికి ఓడలో వచ్చేసరికి బీరు పాడైపోయేదంట. పాడవకుండా ఈ పూలు దండిగా వేసి పంపేవారంట. అందుకే ఆ పేరొచ్చింది.”

“మన దేశం పేరు పెట్టారు, బాగానే ఉంది. ఓడలోంచి ఆ పీపాలు దింపిన కూలోడికి ఓ గ్లాసుడు పోశారా?”

“అది చరిత్ర దయా.”

“అందుకే అడుగుతున్నాను.”

చరిత్ర సంగతి ఎలా ఉన్నా చట్టం సంగతి ఆమె అతనికి పదే పదే చెప్పింది. లైసెన్సున్న దుకాణంలో కొనుక్కుని నాలుగు గోడల మధ్య తాగితే ఇక్కడ ఎవరూ అడగరు. ఇంట్లో కాస్తే అది నేరం. క్యాంపుల్లో దొంగసారా కాచేవాళ్లున్నారు. అది తాగి చూపు పోగొట్టుకున్న పిల్లాణ్ణి ఆమె తన చేతుల్తో అంబులెన్సు ఎక్కించింది. “లేబుల్ లేని సీసా కనబడితే ఈ దేశంలో ముందు జైలు, తర్వాతే మాట,” అని చెప్పింది.

“మనది శుభ్రంగా చేసింది కదా,” అన్నాడు ప్రేమరాజు. ఆ సారా కాచేవాడూ అదే అంటాడు.

అయితే తీపంతా వడగట్టేశాక బార్లీ పిప్పి మిగులుతుంది. తడిపిప్పి, రాయంత బరువు, ఒక్క పూట ఉంచితే పుల్లటి కంపు. చెత్త గొట్టంలో వేస్తే అంతస్తు అంతస్తునా కారుతుంది. అందుకని ప్రేమరాజు దాన్ని నల్లసంచుల్లో కట్టి వాచ్‌మన్ పర్శరాములు చేతికి ఇచ్చేవాడు. పర్శరాములు దాన్ని బిల్డింగ్ వెనక మునిసిపాలిటీ డబ్బా దాకా మోసుకెళ్లేవాడు.

పర్శరాములుది జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటాయి. భార్య సాయవ్వ బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకర్లు పోయి ఇంక చుట్టలేనని కూర్చుంది. ఆ ఇల్లు ఇతని మీదే నడుస్తోంది. మొదటిసారి ఆ సంచి విప్పి చూసి, “సార్, తవుడు లెక్కనే ఉన్నది. బర్రెకు పెడితే మస్తు పాలిస్తది,” అన్నాడట. అది దేని పిప్పో అడగలేదు. కరోనా రోజుల్లో దయాకుమారి డ్యూటీ నుంచి వచ్చి గదిలో విడిగా పడుకున్నప్పుడు, పాలూ కూరగాయలూ తలుపు దగ్గర పెట్టి, దూరం నుంచే “సిస్టరమ్మా, పాణం ఎట్లున్నది?” అని రోజూ అడిగిన మనిషి అతను. చర్చివాళ్లు కూడా ఫోన్లోనే పలకరించిన రోజులవి.

సంచులు మోసినందుకు ప్రేమరాజు ఒకనాడు అతని చేతిలో ఓ సీసా పెట్టాడు. ఇనప కొక్కెం మూతతో, గోధుమరంగుది. దయాకుమారికి చెప్పలేదు. పర్శరాములు తాగడు. శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి. కానీ పెద్దమనిషి ప్రేమగా చేతిలో పెట్టింది వద్దని తిరిగిస్తే మొహం మీద కొట్టినట్టని అతని ఊరి మర్యాద. తీసుకున్నాడు. పారబోయడానికీ మనసొప్పక మంచం కింద పెట్టాడు.

రెండువేల ఇరవైమూడు ఎండాకాలంలో బిల్డింగ్ చూసుకునే కంపెనీ సూపర్‌వైజరు రమీజ్ పనివాళ్ల గదుల తనిఖీకి వచ్చాడు. మంచం కింద సీసా దొరికింది.

దయాకుమారి ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి కింద హాల్లో వాచ్‌మన్ బల్ల చుట్టూ నలుగురు ఉన్నారు. పర్శరాములు యూనిఫాం చొక్కా తీసేసి బనీనుతో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద సీసా. రమీజ్ మూత తీసినట్టున్నాడు, నురగ పొంగి బల్లంతా అయింది. హాలంతా ఆ పూల వాసన. తన ఇంటి వాసన.

“సచ్ బోలో, కహాఁ సే లాయా? కౌన్ బనాతా హై? క్యాంప్ మే బేచ్తే హో క్యా?” అని రమీజ్ గద్దిస్తున్నాడు. ఎక్కడిది, ఎవరు కాస్తారు, క్యాంపులో అమ్ముతున్నావా అని.

“నహీ సాబ్. మిలా. కచ్‌రే మే మిలా,” అన్నాడు పర్శరాములు. చెత్తలో దొరికిందని.

అతను తలెత్తి దయాకుమారిని చూశాడు. ఆమె సీసా చూసింది, అతన్ని చూసింది. అప్పుడే లిఫ్ట్ వచ్చింది. ముందు మొగుణ్ణి నిలదీసి సంగతి తేల్చుకోవాలని ఆమె లిఫ్ట్ ఎక్కింది.

ఇంట్లో అడుగుపెడుతూనే అగ్గి మీద గుగ్గిలమైంది. హ్యాండ్‌బ్యాగు సోఫా మీద విసిరికొట్టింది. రేచెల్ పుస్తకాలు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

“ఆయన చేతికి సీసా ఎవరిచ్చారు?”

ప్రేమరాజు మొదట ఏ సీసా అన్నాడు. తర్వాత ఊరికే ఒకటి ఇచ్చానన్నాడు. ఆ తర్వాత సంగతంతా విని కుర్చీలో కూలబడ్డాడు. “నా పేరు చెప్పాడా?” అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి దయాకుమారికి ఒళ్లు మండిపోయింది. “చెప్పలేదు. చెత్తలో దొరికిందన్నాడు. లేవండి. కిందికి రండి. ఆ సీసా నాది, నేనే ఇచ్చానని రమీజ్‌తో చెప్పండి.”

“చెప్తే ఏమవుద్దో తెలుసా? పోలీసులొస్తారు. ఇంట్లో పీపా ఉంది. ఫ్లాటు నీ పేరు మీద ఉంది, నా వీసా నీ పేరు మీద ఉంది. నీ నర్సు లైసెన్సు పోద్ది. రేచెల్ పరీక్షలు పోతాయి. ముగ్గురం విమానం ఎక్కుతాం. ఆయన ఒక్కడు దయా. ఎలాగూ ఏడాదో రెండేళ్లో ఉండి పోయేవాడే.”

“ఎలాగూ పోయేవాడా? ఈ వయసులో క్యాన్సిల్ చేసి పంపితే మళ్లీ ఏ కంపెనీ పిలుస్తుంది ఆయన్ని? ఇంటి దగ్గర ఆయన భార్య ఏం తింటుంది? మీ పూల గుళికలా?”

“నేనేం కావాలని చేశానా? ప్రేమతో ఇచ్చాను.”

“ప్రేమే ఉంటే ఆయనకి కావాల్సింది ఇవ్వాల్సింది. ఆయన తాగడని మీకు తెలుసా అసలు? ఇన్నేళ్లు మీ చెత్త మోసిన మనిషి తాగుతాడో తాగడో మీకు తెలీదు! మామిడిపండు వాసన మాత్రం తెలుస్తుంది!”

సాయంత్రమంతా అలాగే సాగింది. అతను ఏడ్చాడు, బతిమాలాడు, ప్రార్థన చేసుకుందాం రమ్మన్నాడు. “ముందు కిందికి దిగండి, తర్వాత మోకాళ్ల మీద నిలబడుదురుగాని,” అంది. అతను దిగలేదు. ఆమె కూడా దిగలేదు. ఒప్పుకోవలసింది చేసినవాడే గానీ తాను కాదని ఆమె పట్టు. లైసెన్సు పోతుందన్న మాట కూడా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ సంగతి ఆమె పైకి అనలేదు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తుంటే బల్ల దగ్గర ఎవరో కొత్త నేపాలీ కుర్రవాడున్నాడు. పర్శరాములును కంపెనీ క్యాంపుకి తీసుకుపోయారని చెప్పాడు. ఆ రోజు క్లినిక్‌లో ఆమె ముగ్గురు డాక్టర్లతో గొడవ పడింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

“ఏమండీ, చొక్కా వేసుకోండి. ముదీర్ ఆఫీసుకి పోతున్నాం. రానంటారా, అక్కడికి కాకుండా టైపింగ్ సెంటర్‌కి పోతాను. మీ వీసా క్యాన్సిల్ కాగితం కొట్టిస్తాను. కఫీల్ని కదా, సంతకం నాదే సరిపోతుంది.”

నవ్వులాటకి వాడిన మాట ఇలా మెడకి చుట్టుకుంటుందని ప్రేమరాజు అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

ముదీర్ అంటే బిల్డింగ్ చూసుకునే ఆ కంపెనీ మేనేజరు. బల్ల వెనక కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ప్రేమరాజు నిలబడే, పాఠం ఒప్పజెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ సీసా నాది. నేనే చేశాను. ఇండియా పేల్ ఏల్. నా అలవాటు, అమ్మకానికి కాదు. వాచ్‌మన్‌కి నేనే ఇచ్చాను.

మేనేజరు కప్పు కింద పెట్టాడు.

“ఓ! హోమ్‌బ్రూ!” అన్నాడు మేనేజరు. మొహమంతా నవ్వు. “ఐపీఏనా? నేను క్యాంపు సారా అనుకుని హడలిపోయాను. కూర్చోండి సర్, కూర్చోండి. మా బావమరిది కూడా చేస్తాడు, వాళ్ల దేశంలో. చూడండి, నేనేమీ వినలేదు. ఆ సామానంతా ఈ వారంలో బిల్డింగ్‌లోంచి తీసేయండి. నాకు అంతే చాలు.”

పోలీసులు లేరు. కాగితం లేదు. కుర్చీ వేశారు, కాఫీ తెప్పిస్తానన్నారు. ప్రేమరాజు ఆ కుర్చీలో కూర్చుని, హాప్ పూలు ఎక్కడ దొరుకుతాయని మేనేజరు అడిగితే చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

“మరి ఆయన సంగతి?” అంది దయాకుమారి.

“ఎవరు? ఓ, వాచ్‌మన్. అతని క్యాన్సిలేషన్ పొద్దున్నే పంపేశాం మేడమ్. టికెట్ కూడా వేశారు. గదిలో సీసా దొరికింది, పైగా అబద్ధం చెప్పాడు. నిన్నే మీరెవరైనా వచ్చి ఈ మాట చెప్పుంటే రమీజ్ అక్కడే వదిలేసేవాడు. ఇప్పుడు హెడ్డాఫీసుకి వెళ్లిపోయింది. ఖలాస్.”

“వెనక్కి తీసుకోండి.”

“కుదరదు మేడమ్.”

“ఎందుకు కుదరదు? అదే సీసా కదా! చేసినవాడికి కుర్చీ వేశారు. మంచం కింద పెట్టుకుని మూత కూడా తీయనివాణ్ణి ఒంటి బనీనుతో కూర్చోబెట్టారు. తాగలేదు, అమ్మలేదు, కాయలేదు. ఆయన చేసిన నేరమేంటి? ఇంగ్లీషు రాకపోవడమా?” ఆమె గొంతుకి అద్దాల అవతల గుమాస్తాలు లేచి నిలబడ్డారు. “ఒక్క సంతకంతో పంపేశారు కదా, ఇంకో సంతకంతో ఆపండి!”

మేనేజరు నవ్వు ఆగిపోయింది. మీ ఆయన విషయంలో నేను చూసీచూడనట్టు ఊరుకున్నానని గుర్తుపెట్టుకోండి మేడమ్ అన్నాడు, మెల్లగా. ప్రేమరాజు ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

టాక్సీలో అతను కర్చీఫుతో మొహం తుడుచుకుని, “చూశావా, ఏం కాలేదు. అనవసరంగా హడలిపోయాం,” అన్నాడు.

దయాకుమారి ఇంటికి వెళ్లగానే చిన్నగదిలోంచి పీపాని ఈడ్చుకొచ్చి బాత్రూములో బోర్లించింది. రెండు వారాలుగా పులుస్తున్నది గళగళా కాలవలోకి పోయింది. సీసాలన్నీ ఒక్కొక్కటీ మూత విప్పి పారబోసింది. ప్రేమరాజు గుమ్మంలో నిలబడి చూశాడు. పారబోసినందువల్ల పర్శరాములుకు ఒరిగిందేమీ లేదు.

ఆ మర్నాడు మిగిలిన సామాను తీసుకోవడానికి కంపెనీ వ్యానులో అతన్ని బిల్డింగ్‌కి తీసుకొచ్చారు. ఆమె కిందికి పరిగెత్తింది. తాడుతో బిగించిన అట్టపెట్టె మీద నల్లసిరాతో పేరూ ఊరూ పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నాయి. పర్శరాములు దాన్ని వ్యానులోకి ఎత్తుతున్నాడు. చెయ్యి వేయబోతే వద్దన్నాడు.

“అన్నయ్యా,” అంది. “మా ఆయన పేరు ఎందుకు చెప్పలేదన్నయ్యా? మా కోసం నీ బతుకు పాడుచేసుకున్నావు. నీ మంచితనానికి మేమేమిచ్చినా...”

“మంచితనం గాదు సిస్టరమ్మా.”

అతని గొంతు అంత గట్టిగా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు.

“నేను జెప్తే ఎవలు నమ్ముతరు? వాచ్‌మన్‌గాడు తాను దాసుకొని సార్ మీద దొబ్బుతుండంటరు. మీరు జెప్తే నమ్ముతరు. నమ్మిండ్రట గదా? అందుకే జూసిన. నువ్వచ్చినవ్. బల్ల మీద సీస జూసినవ్. నా మొకం జూసినవ్. డాక్టర్లనే గడగడలాడిస్తదంటరు గదా, ఇగ సిస్టరమ్మ నోరు తెరుస్తది, నా గండం దాటింది, బతికిన అనుకున్న. నువ్ లిఫ్టెక్కి పోయినవ్.”

ఆమె చూపు పెట్టె మీది అక్షరాల వైపు తిప్పుకుంది. అతను ఆపలేదు.

“తెల్లారినదాంక జూసిన. ఇప్పుడొస్తరు, ఇగొస్తరు అని. నన్ను బండెక్కించేటప్పుడు గుడ మీ కిటికి దిక్కే జూసిన. ఇప్పుడు మంచోడు, ఉప్పు తిన్నందుకు నోరు మూసుకున్నడు అని మీ సర్చిల జెప్పకుర్రి. నాకు గుడ కోపమొస్తది సిస్టరమ్మా. మస్తు కోపమొస్తది. మీ అసొంటోళ్లకే వస్తదనుకున్నరా కోపం?”

డ్రైవరు హారన్ కొట్టి “యల్లా, యల్లా” అని కేకేశాడు. పర్శరాములు ఎక్కి తలుపు లాక్కున్నాడు. చెయ్యి ఊపలేదు.

ఆమె పైకి వచ్చేసరికి ప్రేమరాజు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. “కనబడ్డాడా? ఏమన్నాడు? నా మీద బాగా కోపంగా ఉన్నాడా?”

“మీ మీద లేదు,” అంది దయాకుమారి. “మీరు చెప్తారని ఆయన అసలు అనుకోనేలేదు. నేను చెప్తాననుకున్నాడు.”